గోదావరికి ఆవల, ఈవల

2016లో విభజింపబడుటకు పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు నీరే ఎల్ల. ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున వార్ధా ప్రాణహితలు, దక్షిణమున గోదావరి. కాలు తడవకుండ లోనికి బోవుటకు పడమటి వైపున మాత్రమే కొంత నేల గలదు. కావున ఆ సీమ చరిత్రమున రాజుల కంటె రేవులకే పెద్దపీట వేయవలసియున్నది. కరీంనగరము వైపు రైతు ధర్మపురి దాటి లక్సెట్టిపేటకు బోవలెనన్న పడవకై వేచియుండవలసినదే. గోదావరి పొంగిన దినములలో కనుచూపు మేరలోని యొడ్డు సైతము పరదేశమయ్యెడిది.

నిజాము ప్రభుత్వము నాడు సోను వద్ద వెలసిన రాతి వంతెన హైదరాబాదు నుండి నిర్మలు మీదుగా నాగపురమునకు బోవు బాటను నిలబెట్టినది. 1929లో కాజీపేట బలార్షాల నడుమ రైలుమార్గము పూర్తియై, రామగుండము మంచిర్యాలల మధ్య రైలు గోదావరిని దాటెను. కాని రైలు దాటినచోట ఎడ్లబండి దాటగలదా? బండివానికి రోడ్డు వంతెనయే దిక్కు.

రాయపట్నము వద్ద మొదట కట్టినది ఎత్తు తక్కువ వంతెన. అట్టి వంతెనకు వ్యయము స్వల్పము. స్తంభములు పొట్టివి, నీరు మీదుగా పొర్లిపోయినను కట్టడము నిలుచునని ఇంజనీర్ల లెక్క. ఆ లెక్క కట్టడమునకు సరిపోయినదేమో గాని మనుష్యులకు సరిపోలేదు. వంతెన మునిగినప్పుడెల్ల రాకపోకలు నిలిచిపోయెడివి. వైద్యుడు, విత్తనము, పెండ్లివారు, అందరును వరద తగ్గువరకు ఆగవలసినదే. తరువాత దాని చెంతనే ఎత్తైన వంతెన వచ్చినది. కాళేశ్వరము సిరొంచల నడుమ సైతము ఈ శతాబ్దపు రెండవ దశకమున వంతెన ఏర్పడి, తెలంగాణమునకు మహారాష్ట్రకు బంధుత్వములు సుగమమైనవి.

2023 జూన్‌లో కరీంనగరమున మానేరుపై సుమారు 500 మీటర్ల తీగల వంతెన ప్రారంభమైనది. సాయంకాలము దీపముల వెలుగులో దానిని జూడ జనులు కుటుంబములతో వచ్చిరి. అందమును నిందించుట నా యుద్దేశము గాదు. అయితే అదే మానేరుపై, దిగువన, ఓడేడు వద్ద 2016లో ప్రారంభమైన వంతెన ముగియకయే 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఈదురుగాలికి దూలములు కూలినవి. ఆ వేళ క్రింద నెవ్వరును లేకుండుట దైవికము. కాగజ్‌నగరము చేరువ పెద్దవాగుపై అందెవెల్లి వంతెన 2022 వానలకు స్తంభము క్రుంగి, ఆ యేడే కూలెను. దహెగాం వైపు పల్లెలకు పట్టణపు దారి తెగెను. వాగుల కావలనున్న గూడెములలో నిండు చూలాలిని మంచముపై మోసికొని నీటిలో దిగి దాటించిన వార్తలు వానకాలమున పత్రికలలో మరల మరల కానవచ్చుచునే యున్నవి.