రిమోట్ నోట తెలుగు అంకె

డ్రోన్ ఎగరేసేవాడి కళ్లు ఆకాశంలో ఉండాలి. బ్యాటరీ ఎంత దిగిందో, ఎత్తు ఎంతుందో తెర మీద చదువుకునే తీరిక అతనికి ఉండదు. చవక రిమోట్లకు నోరు వచ్చింది ఇందుకే, దాన్ని అమర్చింది కూడా కంపెనీలు కాదు, ఔత్సాహికులు. 2010 ప్రాంతంలో ఫ్లైస్కై 9ఎక్స్ రిమోట్‌కు ఎరెజ్ రవివ్ ఇఆర్9ఎక్స్ అనే కొత్త ఫర్మ్‌వేర్ (రిమోట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) రాశాడు. ఆ దారిలోనే ఓపెన్‌టీఎక్స్ వచ్చింది. వాడేవాళ్లు డబ్బా విప్పి సోమో-14డి అనే చిన్న సౌండ్ మాడ్యూల్‌ను సోల్డర్ చేసుకున్నారు. దానికి ఫైళ్ల పేర్లతో పని లేదు, 0000 నుంచి 0511 దాకా నంబర్లు చాలు. 2013లో వచ్చిన ఫ్రస్కై టరానిస్ రిమోట్‌లో గొంతు ఎస్‌డీ కార్డులోకి చేరింది. అంకెల ఫైళ్లకు మాత్రం నాలుగంకెల పేర్లే మిగిలాయి, పాత మాడ్యూల్ జాడే కావచ్చు.

ముక్కలు అతికించి మాట్లాడించడం ఇంకా పాత విద్య. 1936 జులై 24న లండన్‌లో మొదలైన టెలిఫోన్ గడియారం, ఎథెల్ కెయిన్ గొంతును గాజు పళ్లేల మీద ముక్కలుగా దాచి, వేళకు తగినట్టు కలిపి వినిపించేది. రాజమండ్రి స్టేషన్లో వినిపించే రైలు ప్రకటనదీ ఇదే పద్ధతి. కాకపోతే గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరు 12727ను అది ఒక్కో అంకెగా చదివి వ్యాకరణం జోలికి పోకుండా బయటపడుతుంది. ఎత్తునూ వోల్టేజీనీ చెప్పాల్సిన రిమోట్‌కు ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు గొంతు తయారీ స్క్రిప్టు పని. ఫైలు పేరు, పలకాల్సిన మాట వరసగా రాసిన పట్టిక ఇస్తే స్క్రిప్టు ఒక్కో మాటనూ కంప్యూటర్ గొంతుతో పలికించి, రిమోట్‌కు నప్పే వేవ్ ఫైలుగా మార్చి కార్డులో పెట్టేస్తుంది. 2021లో ఓపెన్‌టీఎక్స్ నుంచి వేరుపడ్డ ఎడ్జ్‌టీఎక్స్ గొంతులు తయారయ్యేది ఇలాంటి పట్టికలతోనే. మైక్రోసాఫ్ట్ దగ్గర శ్రుతి, మోహన్ అనే తెలుగు గొంతులున్నాయి, ఈస్పీక్ కూడా తెలుగు పలుకుతుంది. పట్టికను తెలుగు చేస్తే అయిపోయినట్టేనా? కాదు. గొంతు తెలుగైనా, ముక్కల్ని కలిపే ఫర్మ్‌వేర్ లెక్క ఇంగ్లీషుదే. ఇంగ్లీషు నియమానికి నూరుకు ఒకటే ఫైలు, 125 అయినా 100 అయినా అదే మోగుతుంది. అందులో ‘నూట’ పెడితే 125 సరిగ్గా వస్తుంది గాని, సరిగ్గా వంద మీటర్ల ఎత్తు దగ్గర ‘నూట’ అని ఆగిపోతుంది. ‘వంద’ పెడితే 125 చెడుతుంది. ‘రెండు వందలు’, ‘రెండు వందల యాభై’ మధ్యా ఇదే చిక్కు. ఒకటి పక్కన మీటరు చేరితే ‘ఒకటి మీటరు’, వెయ్యి వస్తే ‘ఒకటి వెయ్యి’. పసిపిల్లలు కూడా నవ్వుతారు.

స్క్రిప్టు ఉండగా సున్నా నుంచి 999 దాకా ప్రతి సంఖ్యకూ ఒక ఫైలు చేసేస్తే సరి కదా అనవచ్చు. ఫైళ్లు ఎన్ని పోగేసినా, ఏది మోగాలో అడిగేది ఫర్మ్‌వేర్. దాని నియమం మారనిదే కొత్త ఫైళ్ల జోలికి అది రాదు. ఇరవై దాటాక తెలుగు సంఖ్యలు హిందీలా ఒక్కొక్కటీ ఒక్కో రూపంలో ఉండవు, కాబట్టి మనకు ఫైళ్లు తక్కువే చాలు. కావలసింది వాటిని కలిపే తెలివి. ఇంకొందరు ఎగరేసేవాళ్లకు ఇంగ్లీషు అంకెలు వచ్చుగా అంటారు. కాలేజీ కుర్రాళ్లకు వచ్చు. గట్టు మీద నిలబడి వరిచేలో డ్రోన్‌తో మందు కొట్టేవాళ్లకు ఆ మాట తర్జుమా చేసుకునే క్షణం కూడా ఎక్కువే. ఆ డ్రోన్ల రిమోట్లు వేరే రకానివైనా అవసరం ఒకటే. దశాంశాలు తెలుగులో ఇమడవనే వాదనా నిలవదు. ధవళేశ్వరం దగ్గర వరద నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరదల్లో ఈ అంకెలు తెలుగులో చదువుతుంటే డెల్టా అంతా విని జాగ్రత్త పడుతుంది. బ్యాటరీ, వోల్టు, పాయింట్ అనే మాటల్ని అలాగే ఉంచుకుందాం, పేచీ వాటితో లేదు.

అంకెల్లో లింగభేదం చూసే చెక్ భాషకు ఓపెన్‌టీఎక్స్‌లో విడిగా ఒక కోడ్ ఫైలు రాసిపెట్టారు. ఎడ్జ్‌టీఎక్స్ కోడ్ జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది. కాకినాడ, భీమవరం ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ముందు ‘నూట’కూ ‘వంద’కూ తేడా తెలిసిన అలాంటి ఒక్క ఫైలు తెలుగుకు రాయండి. గొంతు ఎవరిదన్నది తర్వాత చూసుకోవచ్చు.