ఇంకా రాని రాబడికి పన్ను

జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15. ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరును గానీ ఆర్కిటెక్టును గానీ అడగండి, ఈ నాలుగు తేదీలూ కంఠతా వచ్చు. ఏడాది ముగియకముందే ఆ ఏడాది ఎంత సంపాదిస్తామో తామే లెక్కగట్టి, వాయిదాల్లో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాల్సిన రోజులవి. ఉద్యోగులకు ఈ చింత లేదు. జీతం చేతికి రాకముందే పన్ను కోత పడిపోతుంది.

ఆదాయపు పన్ను మన దేశానికి వచ్చింది 1860లో. 1857 తిరుగుబాటు తర్వాత ఖాళీ అయిన ఖజానాను నింపడానికి వైస్రాయి మండలిలో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ దాన్ని తెచ్చాడు. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యాన్ బాహాటంగా ఎదురుచెప్పి పదవే పోగొట్టుకున్నాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోవే. విల్సన్ ఆ ఆగస్టులోనే కలకత్తాలో కన్నుమూశాడు. 1865లో పన్ను ఆగిపోయింది, 1886 చట్టంతో తిరిగొచ్చి పాతుకుపోయింది.

చాలాకాలం పద్ధతి ఒకటే: నిరుడు సంపాదించినదానికి ఈ ఏడు పన్ను. లెక్క తేలాక నోటీసు వచ్చేది, అప్పుడు కట్టేవారు. దాన్ని తిరగేసింది రెండో ప్రపంచ యుద్ధం. సైన్యం ఖర్చుకు నోట్లు అచ్చవుతున్నాయి, ధరలు మండిపోతున్నాయి. జనం చేతిలోని డబ్బు ఎప్పటికప్పుడు ఖజానాకు చేరాలని ఆర్థిక సభ్యుడు జెరెమీ రైస్మన్ కాలంలో, 1944లో, ఆదాయపు పన్ను చట్టంలో 18ఏ సెక్షన్ చేర్చారు. నాలుగు పదిహేనో తేదీలు అక్కడివే. దారులు రెండు ఇచ్చారు. కిందటిసారి ఖరారైన ఆదాయాన్ని బట్టి కట్టవచ్చు, లేదా సొంత అంచనా దాఖలు చేయవచ్చు. ఆ అంచనా మరీ తగ్గి, కట్టింది అసలు పన్నులో 80 శాతానికి చేరకపోతే ఏడాదికి 6 శాతం వడ్డీ.

నాకు అన్యాయంగా తోచేది ఈ వడ్డీయే. రేపు ఎందరు రోగులు వస్తారో, ఏ కేసు చేతికొస్తుందో ఎవరు చెప్పగలరు? యుద్ధం పోయినా వడ్డీ పోలేదు. ఇప్పుడు హద్దు 90 శాతం, వడ్డీ నెలకు 1 శాతం. వ్యక్తులకు కొన్నేళ్లు జూన్ వాయిదా లేకుండా ఊరట ఉండేది, 2016లో అదీ తీసేశారు.

అయితే మేలు జరిగిందీ ఆ ఏడాదే. వచ్చిన ఫీజుల్లో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల పద్దులు అక్కర్లేదంటూ కొన్ని వృత్తుల వారికి 44ఏడీఏ సెక్షన్ వచ్చింది. 1994లో చిన్న కాంట్రాక్టర్లకు 8 శాతం లెక్కన ఇచ్చిన వెసులుబాటుకు ఇది తమ్ముడు. హైదరాబాదులో సినిమా పాటలు, మాటలు రాసేవారు కూడా ఆ వృత్తుల జాబితాలో ఉన్నారు. ఒక ఏడు అయిదు సినిమాలు, మరుసటి ఏడు ఒక్కటీ లేని బతుకులవి. ఈ పద్ధతి ఎంచుకున్నవారికి నాలుగు వాయిదాలు లేవు. ఏడాది దాదాపు గడిచి, వచ్చిందేదో కళ్లముందు కనబడ్డాక, మార్చి 15లోగా ఒకే చలానా.