పాటకే దక్కిన పురస్కారం: వెండితెర మీద గొలుగొండ మన్యం

నర్సీపట్నం దాటి తూర్పు కనుమల వైపు వెళ్లే దారిలో ఉన్న గొలుగొండ ఈనాడు అనకాపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం మాత్రమే అయినా, ఒకప్పుడు ఆ పేరు మీద ఒక జమీందారీ, అది పోయాక నర్సీపట్నం కేంద్రంగా ఒక తాలూకా, ఆ తాలూకాను ఆనుకుని ఒక ఏజెన్సీ ప్రాంతం ఉండేవి. ఏజెన్సీ అంటే మామూలు చట్టాలకు వెలుపల ఉంచి, జిల్లా కలెక్టరు ప్రభుత్వ ఏజెంటు హోదాలో ప్రత్యేకాధికారాలతో పాలించిన కొండసీమ. 1839 నాటి చట్టంతో ఏర్పడిన ఈ ఏర్పాటు వల్లనే విశాఖ జిల్లాలోని మన్యానికి ఏజెన్సీ అన్న పేరు వాడుకలో స్థిరపడింది. ఈ మన్యంలో 1922 నుంచి 1924 వరకు నడిచిన పోరాటమూ, దానికి నాయకుడైన అల్లూరి సీతారామరాజు పేరూ తెలుగు సినిమాను రెండుసార్లు పెద్ద పురస్కారాల దాకా తీసుకెళ్లగా, ఆ రెండుసార్లూ అందరికీ గుర్తుండిపోయిన గౌరవం పాటకే దక్కింది. యాదృచ్ఛికంగా కనిపించే ఈ సంగతిని, పురస్కారాలు సినిమాను ఏ కళ్లతో చూస్తాయన్న ప్రశ్నతో కలిపి పరిశీలించవలసి ఉంది.

సినిమాలను తూచాలంటే ముందు వాటి వెనక ఉన్న నేల సంగతి తెలియాలి. గొలుగొండ కొండల్లో గ్రామాల సముదాయాన్ని ముఠా అనేవారు. ఆ ముఠా మీద పెత్తనం వహించి, శిస్తు వసూలు చేసి పైకి చెల్లించే వంశపారంపర్య పెద్ద ముఠాదారు. 1830ల చివర జమీందారీ ప్రభుత్వ పరమైనప్పటి నుంచి ముఠాదార్ల అధికారం సడలుతూ వచ్చింది, కొండల్లో తిరుగుబాట్లు ఆగుతూ రేగుతూ వచ్చాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు, అంటే కొండవాలులో చెట్టూ చేమా కొట్టి తగలబెట్టి ఆ బూడిద మీద విత్తనం చల్లి కొన్నేళ్లకు మరోచోటికి మారే సేద్యం, నేరంగా మారింది. రోడ్డు పనుల్లో గిరిజనులను సరైన కూలి ఇవ్వకుండా పనిచేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యం దీనికి తోడయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరుసగా దాడికి గురికావడానికీ, మూడింటిలో కలిపి 26 తుపాకులు రాజు దళానికి చిక్కడానికీ ఇంత వెనుకటి చరిత్ర ఉంది. ఈ మూడింటిలో నడిమి ఊరు, జనం నోట కేడీపేటగా నలిగిన కృష్ణదేవిపేట, గొలుగొండ మండలంలోనిదే. 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపిన రాజు దేహానికి దహనం జరిగిందీ, సమాధి నిలిచిందీ ఆ ఊళ్లోనే.

ఆ మరణానికి యాభై ఏళ్లు నిండడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, 1974 మే 1న, పద్మాలయా సంస్థ నిర్మించిన ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది. అది నటుడు కృష్ణకు నూరవ చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. మామూలు తెర వెడల్పుకు మించి దృశ్యాన్ని పరిచి చూపడానికి ప్రత్యేకమైన కటకంతో చిత్రీకరించి, ప్రదర్శనలోనూ అలాంటి కటకంతోనే విప్పి చూపే పద్ధతిని సినిమాస్కోప్ అంటారు. చిత్రీకరణలో అధిక భాగం చింతపల్లి అడవుల్లోనే జరగడం, దర్శకుడు వి. రామచంద్రరావు సినిమా పూర్తికాకముందే మరణించగా పోరాట ఘట్టాలను కె.ఎస్.ఆర్. దాస్, తక్కిన భాగాన్ని కృష్ణ పూర్తి చేయడం తెలిసిన విషయాలే. ఈ చిత్రపు అసలు బలం ఆ వెడల్పాటి తెర మీద మన్యం కొండలు కథకు నేపథ్యంగా మిగిలిపోక, కథలో ఒక పాత్రగా నిలవడంలో ఉంది. త్రిపురనేని మహారథి మాటలు, బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్ పాత్రలో జగ్గయ్య గంభీరమైన వాచికం, వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం దాని తర్వాతే వస్తాయి. ఇదే చిత్రంలో సీత పాత్ర చుట్టూ అల్లిన ప్రేమకథ మాత్రం బలహీనమైన కల్పన. ముఠాదార్ల కోపమూ పోడు కోల్పోయినవారి ఆకలీ చెప్పవలసిన చోట ఒక వ్యక్తి త్యాగాన్ని పెద్దది చేసి చూపాలన్న తొందర అందులో కనిపిస్తుంది.

ఆ సంవత్సరపు చిత్రాలకు ఇచ్చిన జాతీయ పురస్కారాల్లో ‘తెలుగు వీర లేవరా’ రచనకు శ్రీశ్రీని ఉత్తమ గీత రచయితగా ఎంపిక చేశారు. 1968 నాటి చిత్రాలతో మొదలైన ఆ విభాగంలో తెలుగు కవికి దక్కిన తొలి గౌరవం అదే. జాతీయ పురస్కారాల్లో నామినేషన్ దశ అనేది లేదు. ప్రభుత్వం నియమించిన జ్యూరీ, అంటే న్యాయనిర్ణేతల మండలి, వచ్చిన చిత్రాలను చూసి నేరుగా విజేతను ప్రకటిస్తుంది. అందువల్ల ఒక చిత్రం ఎవరితో పోటీపడి గెలిచిందో, దేని దగ్గర ఆగిపోయిందో ప్రేక్షకుడికి తెలిసే వీలుండదు. విశాఖపట్నంలో పుట్టిన కవి విశాఖ మన్యం వీరుడి కోసం రాసిన పాటకు ఢిల్లీ గుర్తింపు రావడం సంతోషించదగినదే, ఆ ఎంపిక న్యాయమైనదే. అయితే ఆ పాట పిలుపు తెలుగు వీరుడికి. చింతపల్లి స్టేషన్ మీదికి నడిచిన బగత, కోయ గిరిజనులకు ఆ పిలుపులో విడిగా పేరు లేదు. ఈ సినిమా రాష్ట్ర ప్రభుత్వపు నంది పురస్కారాల్లో ఉత్తమ చిత్రంగా ఎంపిక కావడంతో ఈ లోటు కొంత పూడిందనుకున్నా, జనం గుర్తుంచుకున్నది ఆ పాటనే.

రెండోసారి పాటకు గౌరవం దక్కిన ఆస్కార్ల పద్ధతి జాతీయ పురస్కారాల పద్ధతికి భిన్నమైనది. అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ సభ్యులు శాఖలుగా విడిపోయి, ఏ శాఖవారు ఆ శాఖకు సంబంధించిన నామినేషన్లను, అంటే తుది పోటీకి నిలిచే పేర్లను, ఎన్నుకుంటారు. తుది విజేతకు మాత్రం సభ్యులందరూ ఓటు వేస్తారు. అంతర్జాతీయ చిత్రాల విభాగానికి దేశానికి ఒక్క చిత్రమే వెళ్లగలదు, మన దేశం తరఫున దాన్ని ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఎంపిక చేస్తుంది. ఆ దారిలో వెళ్లిన తెలుగు చిత్రం కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’; అది నామినేషన్ దాకా చేరలేదు. ‘మదర్ ఇండియా’, ‘సలాం బాంబే’, ‘లగాన్’ తప్ప మరే భారతీయ చిత్రమూ ఆ విభాగంలో తుది అయిదింటిలో నిలవలేదు.

2022 మార్చి 25న విడుదలైన ఎస్.ఎస్. రాజమౌళి ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ను ఫెడరేషన్ ఎంచుకోలేదు, ఆ ఏడు గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ వెళ్లింది. దానితో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ సాధారణ విభాగాల్లో సొంతంగా పోటీకి దిగి, 2023 జనవరి 24న ప్రకటించిన నామినేషన్లలో ఒకే ఒక్క చోట, ఉత్తమ మౌలిక గీతం విభాగంలో, ‘నాటు నాటు’ పాటతో చోటు సంపాదించింది. ‘టాప్ గన్: మావరిక్’, ‘బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్’, ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’, ‘టెల్ ఇట్ లైక్ ఎ వుమన్’ చిత్రాల పాటలు పోటీలో ఉండగా మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఉత్సవంలో ఆ పాటకు సంగీతం కూర్చిన కీరవాణి, దాన్ని రాసిన చంద్రబోస్ పురస్కారం అందుకున్నారు. ఆ అయిదింటినీ పక్కపక్కన పెట్టి వింటే ఈ తీర్పు సరైనదనే చెప్పవలసి ఉంటుంది. రిహానా పాడిన ‘లిఫ్ట్ మి అప్’ చనిపోయిన నటుడి స్మృతిలో పలికిన నిజమైన శోకగీతం, దాని మెత్తదనం చాలాసేపు మనసులో ఉంటుంది. అయినా తక్కిన పాటల్లో ఎక్కువ భాగం కథ ముగిశాక తెర మీద పేర్లు నడిచే వేళకు చెందినవి. ‘నాటు నాటు’ను తీసేస్తే మాత్రం కథలో ఒక మెట్టు విరిగిపోతుంది. దొరల విందులో అవమానపడిన ఇద్దరు స్నేహితులు, సీతారామరాజు, కొమురం భీమ్, అడుగుతో అడుగు పోటీ పెట్టి గెలవడం, చివర రామరాజు తానే కావాలని పడిపోయి భీమ్‌ను గెలిపించడం వల్ల ప్రేమ్ రక్షిత్ కూర్చిన ఆ నృత్యం కథ చెప్పే పనిలో పాలుపంచుకుంది.

ఇక చిత్రం మొత్తం మీద అభిప్రాయం అంత సులభంగా తేలదు. 1920 నాటి ఢిల్లీలో సీతారామరాజును పోలీసు అధికారిగా ఊహించి, ఎన్నడూ కలిసిన ఆధారం లేని కొమురం భీమ్‌తో స్నేహం కలిపిన కథ తనను చరిత్రగా చెప్పుకోలేదు కాబట్టి, తేదీలు పట్టుకుని దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే మన్యం తిరుగుబాటుకు నూరేళ్లు నిండుతున్న ఏటనే వచ్చి, ప్రపంచం నలుమూలలా చూసిన ఈ చిత్రంలో గొలుగొండ కొండలు లేవు, ముఠాదార్లు లేరు, పోడు లేదు. ప్రపంచానికి చేరింది పేరు, విల్లు, కాషాయం. 2023 ఆగస్టులో ప్రకటించిన జాతీయ పురస్కారాల్లో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’కు ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చిన జనాదరణ చిత్రంగా గౌరవంతోపాటు నేపథ్య సంగీతం, గానం, నృత్యం, పోరాటాలు, గ్రాఫిక్స్ విభాగాల్లోనూ పురస్కారాలు వచ్చాయి. ఆ చిత్రం నిజంగా దేనిలో గొప్పదో జ్యూరీ సరిగ్గానే పోల్చుకుంది, పోల్చుకోవడానికి అందులో లేనిది ఏమిటో కూడా ఆ జాబితానే చెబుతుంది.

పాట ఒక పిలుపును గాని, ఒక ఉత్సాహాన్ని గాని కొన్ని నిమిషాల్లో పూర్తిగా పట్టగలదు కాబట్టి, తెలుగు రాని తీర్పరికి కూడా అది అందుతుంది. అటవీ చట్టం ఒక కొండజాతి బతుకును ఎలా కోసుకుంటూ పోయిందో చెప్పడానికి ఓపిక గల కథనం కావాలి, దాన్ని చివరిదాకా చూసే ప్రేక్షకుడూ కావాలి. అటువంటి చిత్రానికి కావలసిన మనుషులు గొలుగొండ చరిత్రలో లేకపోలేదు. రాజు అనుచరుడు గాం గంటం దొర 1924లోనే పోరులో నేలకొరిగాడు. అతని తమ్ముడు మల్లు దొర పట్టుబడి, శిక్ష అనుభవించి, బతికి బయటపడి, స్వతంత్ర భారతపు తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పోలీసు స్టేషన్ మీద దాడి చేసిన చేతులే పార్లమెంటులో ప్రమాణం చేసిన ఈ జీవితానికి రెండు చిత్రాల్లో ఏదీ కేంద్రస్థానం ఇవ్వలేదు.

‘ఆర్‌ఆర్‌ఆర్‌’ విడుదలైన పది రోజులకు, 2022 ఏప్రిల్ 4న, ఆంధ్రప్రదేశ్ జిల్లాలను విడదీసి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు పేరిట ఒక జిల్లా ఏర్పరిచారు. చింతపల్లి, కొయ్యూరు అందులోకి వెళ్లాయి. గొలుగొండ మండలం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, దానితోపాటు కృష్ణదేవిపేటలోని సమాధి కూడా.