మెదడును గూర్చి సర్పగంధ నేర్పిన పాఠము

సాయంకాలము వార్తలు వినుచు కూర్చున్న ఇంటి పెద్ద చేతివ్రేళ్ళు ఒడిలో ఊరకయే వణకుచుండును. రేడియో మీట త్రిప్పుటకు లేవబోవగా మొదటి అడుగు పడదు. మనుమడు చెప్పిన వేడుకమాటకు ఆయన ముఖమున నవ్వు కానరాదు. వయసు మీదపడినదని ఒకరందురు, బద్ధకమని మరియొకరందురు, మాపై అభిమానము తగ్గినదని వేరొకరు నొచ్చుకొందురు. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల స్థితిని వర్ణించి, ఇది ప్రత్యేకమైన వ్యాధి యని ఒక చిన్న గ్రంథము వ్రాసెను. వ్యాధికి ఆయన పేరే నిలిచినది. కాని దాని మూలమేమో తెలియుటకు నూట నలువదికి పైగా సంవత్సరములు పట్టెను. ఆ మూలమును వెదకిన దారిలో మన దేశపు మొక్కయొకటి ముఖ్యమైన మజిలీగా నిలిచినది. ఆ కథను నేడు మేము మనవి చేయదలచితిమి.

మానవుని మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. అవి యన్నియు కలిసి ఎడతెగని ఒకే అల్లిక యని ఇటలీ దేశస్థుడు గోల్జీ వాదించెను. దేనికది విడిగానున్న కణమని స్పెయిన్ దేశపు పండితుడు కహాల్ చూపెను. గోల్జీ కనిపెట్టిన రంగువేయు పద్ధతితోనే కహాల్ ఆయన వాదమును పూర్వపక్షము చేసెను! 1906లో నోబెల్ బహుమానమును ఇరువురును పంచుకొనిరి. కణములు విడివిడిగా నున్నచో, నడుమనున్న సందును వార్త ఎట్లు దాటును? 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ఆటో లోవీ రెండు కప్పగుండెలతో ఈ ప్రశ్నకు సమాధానము రాబట్టెను. మొదటి గుండెకు చేరిన నాడిని ప్రేరేపింపగా అది మందగించెను. దానిని తడిపిన ద్రవమును రెండవ గుండెకు అందింపగా, ఏ నాడియు తాకకయే అదియు మందగించెను. నాడివెంట విద్యుత్తుగా పరుగిడిన వార్త, నాడి కొసను రసాయనముగా మారి అవతలికి చేరుచున్నదన్నమాట. అయినను మెదడులోపల కూడ ఇట్లే జరుగునా యన్న సందేహము చాలకాలము తీరలేదు. దానిని తీర్చుటకు సర్పగంధ తోడ్పడెను.

ఈ మొక్క వేరును పాముకాటునకును, నిద్రలేమికిని, ఉన్మాదమునకును మన వైద్యులు తరతరములుగా వాడుచుండిరి. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అను వైద్యులు దీని గుణములను ఆధునిక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఉన్మాదమునందే కాక రక్తపుపోటునందును ఇది పనిచేయునని వారు తెలిపిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటు రోగులయందలి తన అనుభవమును ఒక బ్రిటిష్ పత్రికలో ప్రచురించిన పిమ్మట పాశ్చాత్యుల చూపు దీనిపై పడెను. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు వేరులోని సారమును విడదీసి రెసర్పిన్ అని పేరిడిరి. 1954లో న్యూయార్కు వైద్యుడు నేథన్ క్లైన్ మానసిక రోగులు దీనివలన శాంతించుటను వెల్లడించెను.

కాని మందు మరియొక ముఖమును కూడ చూపెను. దానిని వాడిన కొందరికి దిగులు పట్టెను. కొందరికి చేతులు వణకి, కాళ్ళు బిగుసుకొని, అచ్చముగా పార్కిన్సన్ వ్యాధి వచ్చినట్లే యుండెను. మందు మానగా ఆ లక్షణములు తొలగుచుండెను. ఒక వేరు సారము మనిషి నడకను, మనస్సును ఇట్లు మార్చుట ఎట్లు సాధ్యము?

1955లో అమెరికాలో బ్రోడీయును ఆయన సహచరులును రెసర్పిన్ మెదడులోని సెరొటోనిన్ అను రసాయనమును తరిగించునని కనుగొనిరి. వారి ప్రయోగశాలలో పనిచేసి స్వదేశమునకు మరలిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్, కథ అంతటితో ముగియలేదని భావించెను. 1957లో ఆయన కుందేళ్ళకు రెసర్పిన్ ఇచ్చెను. అవి చెవులు వాల్చి కదలక పడియుండెను. అంతట డోపా అను పదార్థమును వానికి ఎక్కించెను. కొద్ది నిమిషములలో కుందేళ్ళు చెవులు నిక్కించి లేచి తిరుగసాగెను. డోపా మెదడును చేరి డోపమిన్ అను రసాయనముగా మారుచున్నదనియు, రెసర్పిన్ హరించినది దానినే యనియు మరుసటి యేట ఆయన బృందము చూపెను. 1960లో లండనులో జరిగిన సభయందు పేరుమోసిన పండితులు దీనిని విశ్వసింపలేదు. ఆయనకు నోబెల్ బహుమానము దక్కినది 2000లో.

ఆ 1960లోనే వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ అను శాస్త్రజ్ఞులు పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడులను పరీక్షించిరి. కదలికను తీర్చెడి భాగమున డోపమిన్ మిక్కిలి తరిగియుండెను. దానిని అక్కడకు పంపెడి నల్లని కణములు, మెదడు నడిమి భాగమునందలివి, నశించుటయే దీనికి కారణము. డోపమిన్‌ను నేరుగా ఇచ్చిన ప్రయోజనము లేదు. రక్తమునకును మెదడునకును నడుమనున్న అడ్డును అది దాటజాలదు. డోపా దాటగలదు. 1961లో బిర్క్‌మాయర్ అను వైద్యుడు హార్నికీవిచ్ సలహాపై రోగులకు దానిని ఎక్కింపగా, మంచముపై లేచి కూర్చుండజాలనివారు కొన్ని గంటలపాటు లేచి నడచిరి. 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ నోటి ద్వారా కొద్దికొద్దిగా మోతాదు పెంచుచు, ఆ మేలు నిలుచునట్లు చేయవచ్చునని నిరూపించెను.

ఇందు మనవారికి తెలియవలసిన విశేషమొకటి కలదు. డోపాను 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనువారు దూలగొండి గింజలనుండి వేరుచేసిరి. ఒంటికి తగిలిన చాలు దురదపెట్టి బాలురను ఏడిపించెడి ఆ దూలగొండియే! అయితే అది మెదడునందు ఏ పని చేయగలదో నాడు ఎవ్వరికిని తెలియదు.

ఈ కథ విని సర్పగంధ వేరునో, దూలగొండి గింజలనో ఇంట నూరుకొని సేవింపవలదని మేము గట్టిగా మనవి చేయుచున్నాము. వానియందలి సారము ఎంతయున్నదో ఎరుగక తినుట అపాయకరము. డోపా కూడ వ్యాధిని మాన్పెడి మందు కాదు. నశించెడి కణములను అది నిలుపజాలదు; కొన్నియేండ్ల పిమ్మట దాని బలము త్వరగా తగ్గుట, ఒడలు తనంతట తాను మెలికలు తిరుగుట వంటి ఇబ్బందులును కలుగవచ్చును. అట్లే, దిగులన్నది ఏదో ఒక్క రసాయనపు లోటు మాత్రమే యని ఒకప్పుడు తలచిరి. విషయము అంత సులభము కాదని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. మనిషి బ్రతుకు, బంధువులు, కష్టసుఖములు కూడ మెదడుపై తమ ముద్ర వేయుచునే యుండును.

అయినను ఒక్కమాట స్థిరపడినది. అడుగు పడకపోవుట, ముఖమున నవ్వు మెరయకపోవుట మనస్సు లోపము కానక్కరలేదు. కుందేలు బద్ధకముచే పడియుండలేదు. వియన్నా రోగి పట్టుదలచే లేచి నడువలేదు. మన ఇంటి పెద్ద ముఖము కదలకున్నంత మాత్రమున ఆయన మనుమని మాట వినలేదనుకొనరాదు. ఆయనను గద్దింపక, నాడీవైద్యునికి చూపింపవలెను. మందు వేళ తప్పకుండ చూడవలెను. జవాబు వచ్చుటకు కొంత ఆలస్యమైనచో, ఆ కాస్తసేపు ఓపికతో వేచియుండవలెను.