కంతోర్: ఒక డచ్చి పదం వ్యుత్పత్తి

డచ్చి భాషలో కార్యాలయాన్ని 'కంతోర్' అంటారు. దీని మూలం లాటిన్. అంతమాత్రాన రోమన్ల కాలంలోనే ఈ పదం డచ్చిలో చేరిందనుకోరాదు. అలా చేరినవి వేరే ఉన్నాయి. లాటిన్ 'కెల్లారియుమ్' నుంచి వచ్చిన 'కెల్డర్' (నేలమాళిగ) అటువంటిది. లాటిన్‌లో ఎ, ఇ అచ్చుల ముందు కకారం తాలవ్యీకరణం పొందకముందే ఇది డచ్చిలోకి వచ్చిందనడానికి ఆ పదాదిలో నిలిచిన కకారమే సాక్ష్యం. కన్నడ 'కివి', తెలుగు 'చెవి' జంట తెలిసినవారికి ఈ తర్కం కొత్త కాదు.

కంతోర్ వచ్చిన దారి వేరు. లాటిన్ 'కొంపుతారె' అంటే కలిపి లెక్కించడం. ప్రాచీన ఫ్రెంచిలో నడిమి అచ్చు లోపించి, పకారమూ పోయి, 'కొంతే' వంటి రూపం మిగిలింది. లెక్కించడానికీ కథ చెప్పడానికీ అదే క్రియ. తరువాత లెక్కించడమనే అర్థానికి, లాటిన్ మూలాన్ని తలచి, రాతలో పకారాన్ని తిరిగి చేర్చారు. పలుకులోకి మాత్రం అది రాలేదు. ఆ క్రియ నుంచి, సొమ్ము లెక్కపెట్టే బల్ల అనే అర్థంలో ఏర్పడిన నామాన్నే మధ్యయుగంలో డచ్చి స్వీకరించింది. కంతోర్‌లో పకారం లేకపోవడం ఫ్రెంచి మధ్యవర్తిత్వానికి బలమైన ఆధారం. డచ్చి తూర్పు ఇండియా కంపెనీ లేఖకులు ఫ్రెంచి పద్ధతిలో పకారంతోనే రాసేవారు కనుక, ఆ దస్తావేజులు చదివేవారు లిపిని ఉచ్చారణగా పొరబడకూడదు. అర్థం బల్ల నుంచి గదికి, గది నుంచి కార్యాలయానికి, చివరకు విదేశీ వర్తకస్థానానికి విస్తరించింది.

1602లో ఏర్పడిన ఆ కంపెనీ కొద్ది సంవత్సరాలకే మచిలీపట్నం చేరింది. అక్కడి వర్తకస్థానానికీ ఆ దస్తావేజుల్లో ఇదే పేరు. ఇండోనేషియా భాషలో 'కంతోర్', సింహళంలో 'కంతోరువ', లంక తమిళంలో 'కందోర్' నేటికీ కార్యాలయమే. తెలుగులో మాత్రం ఆ స్థానం 'కచేరీ'ది. లంక తీరంలో డచ్చివారు పాలకులు. పన్నుకూ భూమి పట్టికకూ ప్రజలు వారి కార్యాలయం గడప తొక్కక తప్పలేదు. గోల్కొండ ఏలుబడిలోని మచిలీపట్నంలో వారు వర్తకులు. కొన్ని గ్రామాలపై హక్కులున్నా, తీరాంధ్ర రైతు శిస్తు వ్యవహారం చాలావరకు ఇతరుల చేతిలోనే సాగింది. పదం నిలవకపోవడానికి, నా దృష్టిలో, ధ్వనిపరమైన అడ్డంకి కన్నా ఇదే కారణం.

ఆ లాటిన్ క్రియ తెలుగుకు చివరకు ఆంగ్లం ద్వారా చేరింది. ఫ్రెంచి దారిన పకారం పోగొట్టుకున్న 'కౌంటరు' ఒకటి, లాటిన్ రూపాన్ని నిలుపుకొన్న 'కంప్యూటరు' మరొకటి.