సర్కారు ఎవరిని పొదిగింది?

బయటి నుంచి వచ్చే కంపెనీకి సర్కారు చేయూత కొత్త ముచ్చట కాదు. 1886లో నిజాం సర్కారు ఇల్లందు బొగ్గు తవ్వే హక్కును లండన్‌లో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి ఇచ్చింది. 1920లో అదే సింగరేణి కాలరీస్ అయ్యింది. హక్కు వాళ్లది. గనిలోకి దిగినవాళ్లలో మన తాతముత్తాతలు ఎందరో.

2015లో హైదరాబాద్‌లో టీ-హబ్ తెరిచారు. విదేశీ స్టార్టప్‌లకూ అక్కడ చోటుంది. కూర్చునే జాగా, దారి చూపే అనుభవజ్ఞులు, పెట్టుబడిదారుల పరిచయాలు అన్నీ ఒక్క కప్పు కిందే.

అంతకు ముందు ఏడాదే, 2014లో, మనకు టీ-ప్రైడ్ వచ్చింది. దాని పూర్తి పేరులోనే దళిత పారిశ్రామికవేత్తల 'ఇంక్యుబేషన్' అని ఉంది. ఇంక్యుబేషన్ అంటే పొదగడం. కానీ చేతికి అందింది పెట్టుబడి రాయితీ. మన గోదావరిఖనిలో అది ఎక్కువగా కారుగానో, టిప్పరుగానో కనబడుతుంది. రాయితీ అక్కరకొచ్చేదే. అయితే అది పొదగడం కాదు.

సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే. కాంట్రాక్టు కార్మికుని బిడ్డ గనిలో గ్యాస్‌ను పసిగట్టే పరికరం చేస్తే, పరీక్షించడానికి గని, తొలి ఆర్డర్ ఇవ్వడానికి కంపెనీ రెండూ ఇక్కడే ఉన్నాయి. రాయితీతో సరిపెట్టుకోకుండా వాటిని అడుగుదాం.

జై భీమ్.