ఓడకంటె ముందు వార్త

చుట్టును సముద్రమున్న దీవికి అంటువ్యాధుల భయము లేదని తోచును. అది సగము మాత్రమే నిజము. తట్టు ఒకసారి వచ్చినవారికి సాధారణముగా మరల రాదు. కాని ఆ వ్యాధి నెన్నడును ఎరుగని దీవిలో పిల్లలు, పెద్దలు అందరును ఒక్కసారే మంచము పట్టుదురు. గంజి కాచి ఇచ్చువారు కూడ మిగులరు.

ఫిజీ దీవులలో 1875లో జరిగినది ఇదే. ఆ జనవరిలో 'డైడో' అను బ్రిటిష్ యుద్ధనౌక ఫిజీ నాయకుడగు థాకొంబౌను సిడ్నీ నుండి స్వదేశమునకు చేర్చినది. ఆయన కుటుంబమునకు తట్టు సోకియున్నను ఓడను ఎవరును ఆపలేదు. ఆయనను చూడవచ్చిన పెద్దలు వ్యాధిని తమ తమ దీవులకు కొనిపోయిరి. కొద్ది నెలలలో సుమారు 40,000 మంది మరణించిరి.

1879 మే నెలలో కలకత్తా నుండి కూలీలతో వచ్చిన 'లియోనిడాస్' ఓడలో కలరా, మశూచి కనిపించినవి. ఈసారి అధికారులు మేల్కొనియుండిరి. ప్రయాణికులను ఒక చిన్న దీవిలో వేరుగా ఉంచుటచే ముప్పు తప్పినది. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా ఫిజీకి వెళ్లిన కూలీలలో తెలుగువారును కలరు.

అయితే ఓడను ఆపవలెనన్న, అందేమున్నదో ముందు తెలియవలెను. 1918 నవంబరు 7న ఆక్లండు నుండి 'టలూన్' అను పొగఓడ పశ్చిమ సమోవాలోని అపియా చేరినది. అందులో ఇన్‌ఫ్లుయెంజా రోగులుండిరి. దారిలో సువా రేవున ఆ ఓడపై ఆంక్షలు విధించిరి. ఆ సంగతి అపియా అధికారులకు అందలేదు. ప్రయాణికులు దిగిరి. సుమారు 8,500 మంది, అనగా జనాభాలో అయిదవవంతుకు పైగా మరణించిరి. ప్రక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు పోయర్ తంతిలేని వార్తల ద్వారా సంగతి తెలిసికొని ఓడలను కట్టడి చేసెను. అక్కడ ఆ వ్యాధిచే ఒక్కరును చనిపోలేదు.

నేడు పసిఫిక్ దేశములు ఈ వార్తలనే క్రమముగా సేకరించుచున్నవి. 1996లో వాటి మధ్య ప్రజారోగ్య నిఘా వ్యవస్థ ఏర్పడినది. చిన్న దీవులలో ప్రయోగశాలలు తక్కువ; రక్తపరీక్ష ఫలితమునకై వేచియున్నచో కాలము మించిపోవును. కనుక 2010 నుండి లక్షణములనే లెక్కించు పద్ధతి అమలులోనికి వచ్చినది. దద్దుర్లతో జ్వరము, నీళ్ల విరేచనములు, ఇన్‌ఫ్లుయెంజా వంటి జ్వరము, విడువని జ్వరము - ఈ నాలుగింటి లెక్కలు ఆస్పత్రుల నుండి వారము వారము చేరును. అంకె హఠాత్తుగా పెరిగినచో విచారణ మొదలగును.

కాని వార్త ఒక్కటే చాలదు. 2018లో సమోవాలో టీకామందు కలుపుటలో జరిగిన పొరపాటుచే ఇద్దరు శిశువులు మరణించిరి. టీకాలు కొన్నాళ్లు ఆగినవి. తల్లిదండ్రుల నమ్మకము సడలినది. 2019లో తట్టు ప్రవేశించి 83 మందిని బలిగొన్నది. వారిలో అధికులు పసిపిల్లలు. డిసెంబరులో, టీకా పడని వారున్న ఇండ్లకు ఎర్రగుడ్డలు కట్టించి, వైద్యబృందములు ఇంటింటికి వెళ్లినవి.

నిఘా ప్రమాదమును ముందుగా చూపగలదు. దానిని ఆపునది, ప్రజల నమ్మకముతో ముందే వేసియుంచిన టీకా.